అంకితం అనే మాట: మార్తా గ్రాహం ఆత్మకథపై ఒక పరిశీలన

ఈ పాఠంలో మనం ఒక నృత్య దర్శకురాలు తన కళ గురించి చెప్పుకున్న మాటలను పరిశీలిస్తాం. ఆమె పేరు మార్తా గ్రాహం. పుస్తకం పేరు ‘బ్లడ్ మెమరీ’. తెలుగులో ‘రక్తస్మృతి’ అనుకోవచ్చు. 1991 ఏప్రిల్ 1న, తొంభై ఆరేళ్ళ వయసులో, ఆమె న్యూయార్క్‌లో కన్నుమూసింది. పుస్తకం అదే సంవత్సరం, ఆమె పోయిన తరవాత వెలువడింది.

తెలుగు సాహిత్యం చదివే మాకు అమెరికా నర్తకి ఆత్మకథ ఎందుకు అని మీరు అడగవచ్చు. కవుల ఆత్మకథలు, సంస్కర్తల ఆత్మకథలు మీకు పరిచయమే. వాళ్ళు పని చేసింది భాషతో, ఆ పని గురించి చెప్పిందీ భాషతోనే. నర్తకి సంగతి వేరు. ఆమె పని శరీరంతో జరిగింది, చెప్పుకోవలసి వచ్చినప్పుడు మాటలు వెతుక్కుంది. చేసినదానికీ చెప్పినదానికీ మధ్య కొంత ఎడం ఉంటుంది. ఈ పుస్తకాన్ని చదివేటప్పుడు మీ దృష్టి ఆ ఎడం మీద ఉండాలి.

ఇంకొక సంగతి కూడా మొదటే గుర్తుంచుకోండి. పుస్తకం ప్రారంభంలో అభ్యాసం గురించి, నర్తకి జీవితం గురించి ఆమె చెప్పే మాటలు అప్పుడు కొత్తగా తోచినవి కావు. వాటిలో చాలా భాగం 1950లలో ఆమె రేడియోలో చేసిన ఒక చిన్న ప్రసంగంలోనివి. అంటే నలభై ఏళ్ళుగా చెబుతూ వచ్చిన మాటలు. పలుమార్లు ప్రదర్శించిన నృత్యానికి ఎంత నునుపు వస్తుందో ఈ మాటలకూ అంత నునుపు వచ్చింది. నునుపైన చోట పాఠకుడు త్వరగా జారిపోతాడు. కాబట్టి నెమ్మదిగా చదవండి.

జీవితం, కొద్దిగా

గ్రాహం 1894 మే 11న పెన్సిల్వేనియా రాష్ట్రంలోని అలెఘెనీలో పుట్టింది. తండ్రి జార్జ్ గ్రాహం వైద్యుడు. నరాల, మనసు జబ్బులు చూసేవాడు. రోగి నోరు దాచిన దాన్ని అతని నడక, చేతుల కదలిక బయటపెడతాయని ఆయన నమ్మకం. కూతురు అబద్ధమాడినా అలాగే పట్టేశాడట. కదలిక అబద్ధం చెప్పదు అన్న తండ్రి మాటను ఆమె జీవితాంతం చెప్పుకుంటూనే వచ్చింది.

1908లో కుటుంబం కాలిఫోర్నియాలోని శాంటా బార్బరాకు మారింది. 1911లో లాస్ ఏంజెలిస్‌లో రూత్ సెయింట్ డెనిస్ నృత్యం చూసి, తాను కూడా నర్తకిని కావాలని పదిహేడేళ్ళ మార్తా నిర్ణయించుకుంది. ఈ సెయింట్ డెనిస్‌కు పేరు తెచ్చిన నృత్యం 1906 నాటి ‘రాధ’. ఆ రాధకు మన జయదేవుడి రాధతో చుట్టరికం తక్కువ. దాని సంగీతం ఫ్రెంచి స్వరకర్త దెలీబ్ రాసిన ‘లక్మే’ అనే ఒపేరా లోనిది. మన దేశాన్ని చూడకుండానే ఊహించుకున్న భారతదేశం అది. అయినా ఒక అమెరికా బాలికను నాట్యం వైపు లాగడానికి ఆ ఊహే చాలింది.

1916లో సెయింట్ డెనిస్, టెడ్ షాన్ దంపతుల డెనిషాన్ పాఠశాలలో చేరింది. అప్పటికి ఆమెకు ఇరవై రెండేళ్ళు. నర్తకికి అది ఆలస్యమైన వయసే. 1923లో ఆ సంస్థను వదిలింది. 1926లో న్యూయార్క్‌లో తన సొంత ప్రదర్శన ఇచ్చింది, సొంత బృందాన్ని కట్టుకుంది. అక్కడి నుంచి దాదాపు అరవై అయిదేళ్ళు ఆమె నృత్యాలు కూర్చుతూనే ఉంది. ఊపిరి వదిలేటప్పుడు పొట్ట లోపలికి ముడుచుకోవడం, తీసుకునేటప్పుడు విచ్చుకోవడం అనే రెండు స్థితులే ఆమె పద్ధతికి పునాది. వాటిని కాంట్రాక్షన్, రిలీజ్ అంటారు. ఆమె తరగతి నేల మీద కూర్చోవడంతో మొదలవుతుంది. గాలిలో తేలిపోతున్నట్టు కనిపించాలనే బాలేకు ఇది ఎదురుదారి.

‘లామెంటేషన్’: కారణం చెప్పని శోకం

మాటలకు ముందు ఒక నృత్యాన్ని చూద్దాం. 1930లో చేసిన ‘లామెంటేషన్’ సుమారు నాలుగు నిమిషాల నృత్యం. కొడాయ్ రాసిన పియానో రచన దానికి సంగీతం. రంగస్థలం మీద ఒక బల్ల. దాని మీద ఒక స్త్రీ. సాగే గుణమున్న ఊదారంగు బట్టను గొట్టంలా కుట్టి ఆమెకు తొడిగారు. ముఖం, చేతులు, పాదాలు తప్ప ఏమీ కనిపించవు. ఆమె బల్ల వదలదు. ఒక పక్కకు వాలుతుంది, మోచేతితో లోపలి నుంచి బట్టను పొడుస్తుంది, మోకాళ్ళు విప్పుతుంది. బట్ట సాగి ఏటవాలు గీతలు పడతాయి, మళ్ళీ ముడతలు పడుతుంది. ఎవరు పోయారో, ఎప్పుడు పోయారో, ఆమె ఎవరో మనకు చెప్పరు.

దీని గురించి ఆత్మకథలో ఒక ఉదంతం ఉంది. ప్రదర్శన అయ్యాక ఒక స్త్రీ తెర వెనకకు వచ్చింది. తన కళ్ళ ముందే కొడుకు లారీ కిందపడి చనిపోయినా ఆమెకు ఏడుపు రాలేదట. ఎవరెంత ప్రయత్నించినా రాలేదట. ఈ నృత్యం చూసి ఏడ్చింది. ప్రేక్షకులలో మన మాట అందవలసిన మనిషి ఎప్పుడూ ఒకరుంటారని గ్రాహం దీని నుంచి గ్రహించుకుంది.

హృదయాన్ని తాకే ఉదంతమే. కానీ అది నృత్యం గొప్పతనానికి రుజువు అనుకుని మీరు ముందుకు పోతే విమర్శ అక్కడ ఆగిపోతుంది. ఎందుకు ఏడ్చింది అన్నది ప్రశ్న. మీరు చదివిన రససిద్ధాంతాన్ని ఇక్కడ తెచ్చి చూడండి. విభావ, అనుభావ, వ్యభిచారీ భావాల సంయోగం వల్ల రసనిష్పత్తి అని భరతుడి సూత్రం. మన నృత్యనాటకంలో శోకం వస్తే దానికి ఆలంబనం కనిపిస్తుంది. పోయిన భర్త, పోయిన కొడుకు, విడిచిన ఊరు ఏదో ఒకటి ఉంటుంది. ‘లామెంటేషన్’లో విభావం లేదు. అనుభావం మాత్రమే ఉంది, అదీ ముఖంలో కాదు, మొండెంలో. ఖాళీగా వదిలిన ఆ చోట ప్రేక్షకురాలు తన కొడుకును తెచ్చి పెట్టుకుంది. భరతుడి సూత్రం ఇక్కడ చెల్లలేదని కొందరు వాదిస్తారు. నా అభిప్రాయం వేరు. సూత్రం చెల్లింది, అయితే సామగ్రిలో ఒక భాగాన్ని సహృదయుడే ఇంటి నుంచి తెచ్చుకున్నాడు. గ్రాహం పుస్తకం ఈ విశ్లేషణ చెయ్యదు. ఆమె ఉదంతం చెప్పి ఊరుకుంటుంది. పనిలో ఉన్న తెలివి మాటల్లో సగమే కనిపిస్తుంది అనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ ఈ పుస్తకంలో నాకు దొరకలేదు.

అభ్యాసం

పుస్తకంలో ఎక్కువ మంది ఉదాహరించే భాగం అభ్యాసాన్ని గురించినది. మనం ఏది నేర్చుకున్నా అభ్యాసం వల్లనే నేర్చుకుంటాం, నాట్యమైనా బతకడమైనా అంతే అన్నది దాని సారం. నర్తకి పరిణతి పొందడానికి సుమారు పదేళ్ళు పడుతుందని ఆమె లెక్క. ఆ పదేళ్ళలో రెండు రకాల శిక్షణ జరగాలి. ఒకటి శరీరానికి, రెండోది ఆ శరీరంలో ఉన్న మనిషికి. దారిలో నిరాశ ఉంటుంది, రోజూ చిన్న చిన్న మరణాలు ఉంటాయి.

మనకు అభ్యాసం అనగానే వేమన గుర్తుకు వస్తాడు. పాడగా పాడగా రాగం పెరుగుతుందని, తినగా తినగా వేప తియ్యనవుతుందని, సాధన వల్ల పనులు సమకూరుతాయని ఆ పద్యం మనకు చిన్నప్పుడే నేర్పింది. అక్కడ అభ్యాసానికి చివర ఫలం ఉంది. గ్రాహం అభ్యాసంలో ఆ హామీ లేదు. అడ్డంకులున్నా ఒక పనిని మళ్ళీ మళ్ళీ చెయ్యడమే ఆమె దృష్టిలో అభ్యాసం. ఆ పని వెనక ఉండవలసిన వాటిగా ఆమె మూడింటిని చెబుతుంది: దర్శనం, విశ్వాసం, కోరిక. మూడోదాన్ని గమనించారా? మన సంప్రదాయంలో సాధకుడిని కోరిక విడిచిపెట్టమంటారు. ఈమె కోరికను అభ్యాసానికి ఇంధనంగా లెక్కపెట్టింది. ఈ పుస్తకాన్ని మన ‘తపస్సు’, ‘త్యాగం’ అనే మాటలలోకి దించి మెచ్చుకునే వ్యాసాలు చదివేటప్పుడు ఈ ఒక్క మాట అడ్డం పెట్టి చూడండి, ఆ మెప్పు ఎంతవరకు నిలుస్తుందో తెలుస్తుంది.

అధ్యయన కేంద్రంలో ఆదివారం తరగతులు చెప్పే రోజులలో ఈ భాగం వచ్చినప్పుడల్లా ఒక ప్రశ్న వచ్చేది. రాత్రి డ్యూటీ దిగి నేరుగా తరగతికి వచ్చిన ఒక విద్యార్థి దాన్ని సూటిగా అడిగాడు: ‘‘పదేళ్ళు రోజంతా సాధన చేసేవాళ్ళ ఇంటికి బియ్యం ఎవరు తెస్తారు సార్?’’ తరగతి నవ్వింది. నిజానికి అది నవ్వవలసిన ప్రశ్న కాదు, ఈ పుస్తకాన్ని అడగవలసిన మొదటి ప్రశ్న.

గ్రాహం విషయంలో జవాబు ఇది. ఆమె పాఠాలు చెప్పి సంపాదించింది. తరవాతి కాలంలో బెత్సబే ద రోత్‌షీల్డ్ వంటి పోషకులు ఆదుకున్నారు. మరి ఆమె బృందంలోని అమ్మాయిలో? 1930లలో వాళ్ళలో చాలామంది పగలు ఏదో ఒక కొలువు చేసుకుని, సాయంత్రం స్టూడియోకు వచ్చి రాత్రి దాకా అభ్యాసం చేసేవాళ్ళు. ఆ అభ్యాసానికి జీతం లేదు. 1938లో ఎరిక్ హాకిన్స్ చేరేదాకా ఆ బృందమంతా స్త్రీలే. 1931 నాటి ‘ప్రిమిటివ్ మిస్టరీస్’ వంటి నృత్యం అలా అలసిన కాళ్ళ మీద నిలబడింది. ఆ నృత్యం గురించి రాసేవాళ్ళు మధ్యలో తెల్ల దుస్తులలో ఉన్న గ్రాహంను వర్ణిస్తారు. చుట్టూ ముదురు నీలం దుస్తులలో ఒకే శరీరంలా నడిచిన ఆ బృందం పేరు లేకుండా ఉండిపోతుంది. ఆత్మకథ కూడా వాళ్ళను మెచ్చుకుంటుంది, ప్రేమగానే తలుచుకుంటుంది, కానీ వాళ్ళ పగటి కొలువు దగ్గర ఆగదు. రాత్రి డ్యూటీ దిగి వచ్చిన ఆ విద్యార్థి తనను తాను పోల్చుకోవలసింది గ్రాహంతో కాదు, వాళ్ళతో. పుస్తకంలో వాళ్ళకు దక్కిన చోటు తక్కువ అని నేను అనడానికి కారణం అదే.

అంకితం

ఇప్పుడు అసలు మాటకు వద్దాం. గ్రాహం గురించి రాసేవాళ్ళు తప్పక వాడే ఇంగ్లీషు మాట డెడికేషన్. దాన్ని తెలుగులోకి తెచ్చేటప్పుడు మనం ‘అంకితభావం’ అంటాం. పత్రికల్లో, సన్మాన పత్రాలలో అరిగిపోయిన మాట. కానీ మన దేశంలో, నాట్యం విషయంలో, ‘అంకితం’ అనే మాటకు ఒక చరిత్ర ఉంది.

వ్యాకరణంతో మొదలుపెడదాం. ‘అంకితం కావడం’ అకర్మకం. ‘అంకితం చేయడం’ సకర్మకం. కవి తన కృతిని అంకితం చేస్తాడు, కృతికి ఇష్టాయిష్టాలు ఉండవు. అయితే అంకితం చేసినది ఒక కృతిని కాక ఒక ఆడపిల్లను అయితే? 1947లో మద్రాసు రాష్ట్రంలో వచ్చిన చట్టం పేరులోనే ఈ మాట ఉంది. దేవదాసీల అంకితాన్ని నిరోధించే చట్టం అది. ఆంధ్ర ప్రాంతం అప్పుడు ఆ రాష్ట్రంలో భాగం. నలభై ఏళ్ళు గడిచాక 1988లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ మళ్ళీ అటువంటి చట్టమే చేయవలసి వచ్చింది. జోగినులుగా, బసివినులుగా పిల్లలను అంకితం చేయడం ఆగలేదు కాబట్టి. ఆ ఆడపిల్లలు అంకితం ‘అయిన’వాళ్ళు కారు, అంకితం ‘చేయబడిన’వాళ్ళు. పైగా ఈ చట్టాల కాలంలోనే, వాటికి ముందు నడిచిన ఉద్యమంలోనే, తరతరాలుగా ఆడి పాడిన కలావంతుల స్త్రీలు తమ విద్యను బహిరంగంగా ప్రదర్శించుకునే చోటు కూడా పోగొట్టుకున్నారు. వాళ్ళ దగ్గర మిగిలిన దాన్ని తరవాత నటరాజ రామకృష్ణ వంటివారు వెతికి పట్టుకోవలసి వచ్చింది.

ఈ చరిత్రను దగ్గర పెట్టుకుని గ్రాహంను చదివితే ఆమె వాక్యాలలో కర్త ఎవరో స్పష్టంగా కనిపిస్తుంది. నాట్యం తనను ఎంచుకుందని ఆమె ఒక్కొక్కప్పుడు అంటుంది. నమ్రతగా వినిపించే ఆ మాటను యథాతథంగా తీసుకోకండి. పదిహేడేళ్ళకు నిర్ణయించుకున్నది ఆమె. డెనిషాన్‌ను వదిలింది ఆమె. 1936లో బెర్లిన్ ఒలింపిక్ క్రీడల సందర్భంగా జరిగే ఉత్సవంలో నాట్యం చేయమని నాజీ జర్మనీ పిలిస్తే, అక్కడ తన సాటి కళాకారులను హింసిస్తున్నారని, తన బృందంలో యూదులున్నారని చెప్పి తిరస్కరించింది ఆమె. అంకితం అయిన మనిషికి కాదనే హక్కు ఉంటుంది. అంకితం చేయబడిన మనిషికి ఆ హక్కు ఉండదు. పగటి కొలువు చేసుకుని వచ్చిన ఆ బృందంలోని అమ్మాయిలు ఈ రెండింటిలో ఎటువైపు? వాళ్ళు ఇష్టపడి వచ్చారు, వెళ్ళిపోయే స్వేచ్ఛ వాళ్ళకు ఉంది, కొందరు వెళ్ళిపోయారు కూడా. అయినా జీతం లేని ఆ రాత్రులకు ‘అంకితభావం’ అని పేరు పెట్టి మెచ్చుకునేటప్పుడు లెక్క ఎవరికి తేలింది అని అడగాలి. నేను ఈ ప్రశ్నను మీకు వదిలిపెట్టడం లేదు, నా జవాబు చెబుతున్నాను. ఆ అంకితభావంలో కొంత భాగం గ్రాహం పేరు మీద జమ అయింది.

రక్తమా, స్టూడియోనా?

పుస్తకం పేరు మీద కూడా నాకు పేచీ ఉంది. మన రక్తంలో పూర్వీకుల జ్ఞాపకం ప్రవహిస్తుందని, నర్తకి ఒక కదలిక చేసినప్పుడు ఎప్పటిదో తనకే తెలియని స్మృతి మేలుకుంటుందని గ్రాహం భావన. గ్రీకు పురాణ స్త్రీలను ఆమె ఎందుకు పదే పదే రంగం మీదికి తెచ్చిందో అర్థం చేసుకోవడానికి ఇది పనికివస్తుంది. 1947లో ‘నైట్ జర్నీ’లో జొకాస్టా, 1958లో క్లైటెమ్నెస్ట్రా. అంతవరకు ఇబ్బంది లేదు.

కానీ ‘రక్తం’ అనే మాట మన నేల మీద పడితే వేరే అర్థం ఇస్తుంది. కూచిపూడి చాలాకాలం కొన్ని బ్రాహ్మణ కుటుంబాల మగవాళ్ళ విద్య. ఫలానా ఇంట్లో పుట్టాడు కాబట్టి కాళ్ళలో తాళం ఉందని మనవాళ్ళు ఇప్పటికీ సహజంగా అంటారు. వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి స్త్రీలకు నేర్పడం, వెంపటి చినసత్యం 1963లో మద్రాసులో అకాడమీ పెట్టి అనేక ఇళ్ళ పిల్లలకు నేర్పడం ఆ మాటను ఆచరణలో కాదన్నాయి. రక్తం మోసుకొచ్చిందని చెప్పినదాన్ని పదేళ్ళ పాఠం మోసుకురాగలిగింది.

తమాషా ఏమిటంటే గ్రాహం స్టూడియో కూడా ఆమె పుస్తకం పేరును కాదంటుంది. యూరికో అనే జపాను సంతతి నర్తకి రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా ప్రభుత్వం పెట్టిన నిర్బంధ శిబిరం నుంచి బయటికి వచ్చి గ్రాహం బృందంలో చేరింది. 1944 అక్టోబరు 30న వాషింగ్టన్‌లో ‘అపలాచియన్ స్ప్రింగ్’ మొదటి ప్రదర్శనలో ఆమె ఉంది. అమెరికా సరిహద్దు ప్రాంతంలో కొత్త కాపురం పెట్టే తెల్లజాతి జంట కథ అది. సంగీతం ఏరన్ కోప్లండ్‌ది, రంగాలంకరణ ఇసాము నొగూచిది. నొగూచి తండ్రి జపానువాడు. 1950లలో మేరీ హింక్సన్, మాట్ టర్నీ అనే నల్లజాతి నర్తకులు బృందంలో ముఖ్య పాత్రలు చేశారు. అమెరికాలో చాలాచోట్ల వాళ్ళు తెల్లవాళ్ళతో ఒకే బల్ల దగ్గర కూర్చుని తినలేని కాలం అది. ఈ శరీరాలలోకి జొకాస్టా జ్ఞాపకం ఏ రక్తం ద్వారా వచ్చింది? రాలేదు. నేల మీద కూర్చుని ఊపిరి వదిలి పొట్ట ముడిచే తరగతి ద్వారా వచ్చింది. ఇక్కడ నేను పుస్తకం మాటను పక్కన పెట్టి స్టూడియో మాట వింటాను.

ఇదే విషయానికి దగ్గరగా ఉండే ఒక చక్కని ఘట్టం ఆత్మకథలోనే ఉంది. చూపు, వినికిడి లేని హెలెన్ కెల్లర్ స్టూడియోకు వచ్చేదట. గెంతడం అంటే ఏమిటో తెలుసుకోవాలనుకుంది. గ్రాహం ఆమె చేతులను మెర్స్ కన్నింగ్‌హామ్ నడుము మీద పెట్టించింది. అతను ఎగిరాడు, ఆమె చేతులు అతనితో పాటు లేచి దిగాయి. అది ఆలోచనలా ఉందని, మనసులా ఉందని ఆమె సంతోషపడింది. పూర్వీకుల ప్రసక్తి లేదు. ఒక చేతి నుంచి ఇంకొక శరీరానికి నేరుగా అందింది.

శరీరం ఆగిపోయాక

నర్తకికి రెండు మరణాలు ఉంటాయని, శిక్షణ పొందిన శరీరం చెప్పిన మాట వినడం మానేసినప్పుడు వచ్చేది మొదటిదని గ్రాహం అంటుంది. ఆమె డెబ్బై ఐదేళ్ళ వయసు దగ్గరపడే దాకా రంగం మీద ఉంది. చివరి సంవత్సరాలలో చూసినవాళ్ళలో చాలామంది, ఆమె ముందే ఆపవలసింది అని రాశారు. తాను చేసిన పాత్రలను ఇతరులకు ఇవ్వడం ఆమెకు ఇష్టం లేకపోయింది. ఆ తరవాత తాగుడు, దిగులు, ఆసుపత్రి. అక్కడి నుంచి లేచి 1973లో కొత్త నృత్యాలతో తిరిగి వచ్చింది.

ఎందుకు ఇవ్వలేకపోయింది? అహంకారం అని ఒక్క మాటతో తేల్చేయవచ్చు. నాకు తృప్తి కలగదు. కూచిపూడి సత్యభామతో పోల్చి చూడండి. వేదాంతం సత్యనారాయణ శర్మ వయసు మీద పడ్డాక కూడా సత్యభామ వేషం కడితే ప్రేక్షకులు అభ్యంతరపెట్టలేదు. ఎందుకంటే భామ ఆయనకు ముందూ ఉంది, తరవాతా ఉంటుంది. ఆయన ఆ పాత్రలోకి వచ్చి కొన్నాళ్ళు నివసించిన మనిషి. జడ, నడక, లేఖ రాసే ఘట్టం అన్నీ గురువు చేతుల మీదుగా వచ్చినవి. గ్రాహం పాత్రలకు అటువంటి పూర్వం లేదు. ఆమె ఎముకల పొడవుకు, ఆమె ఊపిరికి, ఆ రోజుల్లో ఆమె ప్రేమించిన మనిషికి కొలిచి కుట్టినవి అవి. ‘అపలాచియన్ స్ప్రింగ్’లో పెళ్ళికూతురు ఆమె, వరుడు హాకిన్స్. 1948లో వాళ్ళిద్దరూ నిజంగానే పెళ్ళి చేసుకున్నారు, కొద్ది కాలానికే విడిపోయారు. ముప్పై ఏళ్ళ తరవాత ఒక పిల్ల తనలాగే అలంకరించుకుని ఆ నాట్యం చేస్తుంటే పక్క నుంచి చూడడాన్ని, డాంటే వర్ణించకుండా వదిలేసిన నరకంగా ఆమె చెప్పుకుంది. పుస్తకంలో నాకు అన్నిటికన్నా నిజంగా అనిపించిన చోటు అదే. నలభై ఏళ్ళు చెప్పి చెప్పి నునుపెక్కిన మాట కాదు అది, గరుకుగా ఉంది.

అంకితం అయిన మనిషి, తాను అంకితమైన వస్తువును ఇంకొకరికి అప్పగించగలగాలా? మన సంప్రదాయం ఔనంటుంది, శిష్యుడికి ఇచ్చి చేతులు కడుక్కోమంటుంది. గ్రాహం చివరికి ఇచ్చింది, ఏడుస్తూ ఇచ్చింది. 1930లో మాసీన్ కూర్చిన ‘రైట్ ఆఫ్ స్ప్రింగ్’లో బలికి ఎంపికైన కన్యగా ఆడిన ఆమె, 1984లో తొంభై ఏళ్ళకు చేరువై, అదే సంగీతానికి తన సొంత నృత్యం కూర్చి మరొక అమ్మాయి చేత ఆ పాత్ర ఆడించింది. ఆ అమ్మాయి ఒంటి మీద ఆ కదలికలు బతికాయి కాబట్టే ఇవాళ మనం గ్రాహం పద్ధతి అని ఒకదాని గురించి మాట్లాడుకోగలుగుతున్నాం.

సృజనకారుడికి తృప్తి ఉండదన్న ఆమె మాట కూడా ప్రసిద్ధం. అది మనకు ఆమె స్నేహితురాలు, నృత్య దర్శకురాలు ఆగ్నెస్ డి మిల్ ద్వారా అందింది. 1943లో ‘ఓక్లహోమా!’ అనే సంగీత నాటకంతో డి మిల్‌కు అకస్మాత్తుగా కీర్తి వచ్చింది. తాను బాగుందనుకున్న పనులను ఎవరూ పట్టించుకోలేదని, సాధారణమనుకున్నదాన్ని లోకం నెత్తికెత్తుకుందని, ఇక తన అంచనాను తాను ఎలా నమ్మాలని ఆమె అడిగింది. నీ పని ఎంత విలువైనదో తూచడం నీ పని కాదు, నీ ద్వారా మాత్రమే రాగలిగినదానికి దారి మూయకుండా ఉంచడమే నీ పని అని గ్రాహం జవాబు సారాంశం. ఎవరికి వారే ప్రత్యేకం అని చెప్పిన ఈ మాటకూ, పూర్వీకుల రక్తం అన్న ఆ మాటకూ పొసగడం కష్టం. స్నేహితురాలిని ఓదార్చడానికి అన్న మాట, తన పుస్తకానికి పేరు పెట్టుకోవడానికి ఎంచుకున్న మాట కన్నా నిజానికి దగ్గరగా ఉందని నేననుకుంటాను.

ఇక ఆమె చివరి నృత్యం. 1990 అక్టోబరులో, చనిపోవడానికి ఆరు నెలల ముందు, ‘మేపుల్ లీఫ్ రాగ్’ను రంగం మీదికి తెచ్చింది. స్కాట్ జోప్లిన్ రాసిన హుషారైన పియానో రచనలు దానికి సంగీతం. జొకాస్టాలు, క్లైటెమ్నెస్ట్రాలు ఎవరూ లేరు. పైకీ కిందికీ ఊగే ఒక పొడుగాటి చెక్కబల్ల ఉంటుంది. నర్తకులు దాని మీద గెంతుతారు, జారుతారు. మధ్య మధ్యలో పెద్ద ఘేరా ఉన్న గౌనుతో ఒక స్త్రీ మహా గంభీరంగా వేదికకు అడ్డంగా తిరుగుతూ వెళ్ళిపోతుంది. ప్రేక్షకులు నవ్వుతారు, ఎందుకంటే ఆ గాంభీర్యం గ్రాహందే. అరవై ఏళ్ళు లోకం చేతులు కట్టుకుని చూసిన తన తీరును ఆమె తానే వెక్కిరించుకుంది. ఆత్మకథలో ఎక్కడా ఇంత చనువుగా తనను తాను చూసుకోలేదు.

ఆ నృత్యం మొదట్లో ఆమె గొంతు వినిపిస్తుంది. ఏ పనీ సాగక మనసు కుంగినప్పుడు ఆమె తన సంగీత దర్శకుడు లూయీ హార్స్ట్‌ను ఆ జోప్లిన్ పాట వాయించమని అడిగేదట. రంగం మీద వినిపించేది ఆ అడగడమే. హార్స్ట్ చనిపోయి అప్పటికి ఇరవై ఆరేళ్ళయింది.